రెండో మనిషి మెట్లెక్కాల

ప్రొద్దుటూరులో కొత్త కంపెనీ రిజిస్టరు చేయించడానికి ఎన్నాళ్ళు పడుతుందని ఎవరినైనా అడగండి. కాగితాలన్నీ చేతిలో ఉంటే నాలుగు రోజులంటారు. కంప్యూటరు మొండికేస్తే వారమంటారు. కంపెనీల నారాయణ దగ్గర మాత్రం లెక్క రోజుల్లో ఉండదు, మెట్లలో ఉంటుంది. ఆయన ఆఫీసుకు ఇరవై మూడు మెట్లు. కంపెనీలో రెండో డైరెక్టరుగా పేరు పెట్టిన మనిషి ఆ ఇరవై మూడు మెట్లూ సొంత కాళ్ళతో ఎక్కి, ఆ కంపెనీ ఏం చేస్తుందో సొంత నోటితో చెప్పేదాకా నారాయణ ఫారం ముట్టుకోడని ఊళ్ళో పేరు పడిపోయింది.

ప్రైవేటు కంపెనీకి కనీసం ఇద్దరు డైరెక్టర్లు ఉండాలన్నది చట్టం. మొదటి మనిషితో ఎప్పుడూ ఇబ్బంది ఉండదు. ఆలోచన తనది, హడావుడి తనది, కంపెనీ పుట్టకముందే విజిటింగ్ కార్డులు కూడా అచ్చు వేయించుకుని వస్తాడు. తంటా అంతా రెండో మనిషితోనే. ఆ రెండో మనిషి భార్య అవుతుంది, లేకపోతే తల్లి, అదీ కాకపోతే కారు డ్రైవరు. ఆధార్ కార్డు, పాన్ కార్డు, రెండు ఫోటోలు ఒక కవర్లో వస్తాయి గాని మనిషి రాడు. మిగతా కన్సల్టెంట్లకు ఆ కవరు చాలు. నారాయణకు కవరు చూస్తేనే ఒళ్ళు మండుతుంది.

నారాయణకు యాభై ఎనిమిదేళ్ళు. సన్నటి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ మూడు పెన్నులు. ముఖం చూస్తే ఎవరినో కాటికి సాగనంపి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కున్నట్టు ఉంటుంది. ఫారాలన్నీ సిద్ధం చేసేది ఆయన, వాటిని సర్టిఫై చేసేది కడపలో ఉండే సీఏ మేడం. కంపెనీ పుట్టిందని సర్టిఫికెట్టు చేతిలో పెట్టేటప్పుడు కూడా ఆయన నోట అభినందన రాదు. "నెత్తిన పడిందప్పా. జాగ్రత్త," అంటాడు. ఆ గొంతు విని ఒక పత్తి వ్యాపారి అక్కడే కుర్చీలో కూలబడి మంచినీళ్ళు అడిగాడని చెప్పుకుంటారు. సంవత్సరానికి ఆయన చేతి మీదుగా నాలుగైదు కంపెనీలు పుడితే గొప్ప.

ఇలాంటి మనిషి దగ్గరికి తొందరలో ఉన్నవాడు వెళ్ళకూడదు. షఫీ పీకల్దాకా తొందరలో ఉండి వెళ్ళాడు.

షఫీ పదకొండేళ్ళు కువైట్‌లో నీళ్ళ ట్యాంకరు తోలాడు. ఇక చాలనుకుని వచ్చేసి, కలమల్ల దగ్గర ఒక షెడ్డు బాడుగకు తీసుకున్నాడు. అక్కడి కరెంటు ప్లాంటు నుంచి వచ్చే బూడిదతో ఇటుకలు పోయాలని అతని ఆలోచన. పులివెందులలో ఇళ్ళు కట్టించే నరేష్ రెండు లక్షల ఇటుకలు తీసుకుంటానన్నాడు, కాని ఒక మెలిక పెట్టాడు. "నీ పేరు పక్కన ప్రైవేట్ లిమిటెడ్ అని ఉండాలప్పా. మాకు డబ్బులిచ్చేవాళ్ళు అడుగుతాండారు. ఈ నెలాఖరు దాటితే నేను ఇంగొకర్ని చూసుకుంటా."

ఆ మాట అన్నది పదమూడో తేదీన. ఆ ఆర్డరు పోతే షఫీకి మిగిలేది మళ్ళీ ట్యాంకరే. వీసా సిద్ధంగా ఉందని కువైట్ ఏజెంటు రోజు మార్చి రోజు ఫోన్ చేస్తున్నాడు. మళ్ళీ ఆ ఎండ, పన్నెండు మంది పడుకునే ఆ గది, సెలవు దొరికే శుక్రవారాలు గోడ వైపు తిరిగి పడుకోవడం.

పద్నాలుగో తేదీ పొద్దున అతను మెట్లెక్కేసరికి నారాయణ కంప్యూటరు వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. వెనక్కి చూడకుండానే అడిగాడు.

"రెండో మనిషి యాడ?"

"మా అక్క అన్నా. ఇంట్లో ఉండాది. ఊరికే సంతకమే గదా, కాగితమిస్తే నేనే తీసకపోయి..."

"దిగు."

"ఏందన్నా?"

"కిందికి దిగు. దిగి మళ్ళా ఎక్కిరా."

షఫీకి ఏమీ అర్థం కాలేదు గాని దిగాడు. మెట్ల పక్కనే బండి పెట్టుకుని బట్టలు ఇస్త్రీ చేసే పెంచలమ్మ తల ఎత్తకుండానే పలకరించింది.

"'ఊరికే' అన్న్యావా?"

"నీకెట్ల తెల్సమ్మా?"

"పైన ఆ మాట అంటే దింపుతాడు నాయనా. పోయిన్నెల ఒక కాంట్రాక్టరు ఆరు మార్లు ఎక్కి దిగినాడు. ఆయప్పకు ప్రతి మాటకు ముందు ఊరికే, ఊరికే అనే అలవాటు. నువ్వు ఎట్లాగూ ఈడికొచ్చినావు గదా, ఈ దుప్పటి ఆ కొస పట్టుకో."

షఫీ కొస పట్టుకున్నాడు. దుప్పటి మడత పడ్డాక మళ్ళీ ఇరవై మూడు మెట్లూ ఎక్కాడు. ఈసారి నారాయణ అతని వైపు తిరిగి కూర్చున్నాడు. ఎదురు అంగడి నుంచి రెండు టీలు వచ్చాయి. ఒకటి తనకేమో అని షఫీ చెయ్యి చాపితే నారాయణ గ్లాసు పక్కకు జరిపాడు.

"అది రెండో మనిషికి," అన్నాడు.

ఆ గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు. షఫీ చుట్టూ చూసి, చెయ్యి వెనక్కి తీసుకుని, ఏమీ ఎరగనట్టు మీసం దువ్వుకున్నాడు.

"మీ అక్కను పిల్చుకొని రా. మూడు అడుగుతా," అని నారాయణ వేళ్ళు మడిచాడు. "అది ఏం కంపెనీ? నీ పేరు ఏంటికి పెడతాండారు? రేపు మునిగితే కాగితం ఎవురింటికి వస్తాది? మూడిట్కీ ఆయమ్మ సొంతంగా చెప్తే, నాలుగైదు రోజుల్లో నీ కంపెనీ నీ చేతిలో పెడతా."

"వేరే కన్సల్టెంట్లు ఇవన్నీ అడగరే అన్నా."

"అందుకే వాళ్ళకు ఏసీ రూములుండాయి," అని నారాయణ ఒక గ్లాసు తను తాగి, రెండో గ్లాసు పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

ఆ మూడు ప్రశ్నల దెబ్బ ఎలాంటిదో షఫీకి పెంచలమ్మే చెప్పింది. పైన రెండో మనిషికి పరీక్ష జరుగుతుంటే మొదటి మనిషి కింద బండి పక్కన నిలబడాలి, అది నారాయణ పెట్టిన నియమం. అందుకని ఊళ్ళో పుట్టబోయే కంపెనీల సంగతి అందరికంటే ముందు పెంచలమ్మకు తెలుస్తుంది. కంపెనీ ఓనర్లు కాబోయేవాళ్ళు ఆమె బండి దగ్గర చీరలు మడతపెడుతూ ఎదురుచూస్తారు.

పులివెందుల నుంచి ఒక అరటికాయల వ్యాపారి తొంభై ఏళ్ళ తల్లిని రెండో డైరెక్టరుగా తెచ్చాడట. ఆమె మెట్లెక్కలేదని ఇద్దరు మనుషులు కుర్చీతో సహా మోసుకెళ్ళారు. సొంత కాళ్ళతో ఎక్కలేదని నారాయణ ఏమీ అనలేదు గాని, "అవ్వా, ఏం పని మీద వచ్చినావు?" అని అడిగాడు. ఆమె సంబరంగా నవ్వి, "మావాడు రెండో పెండ్లి చేసుకుంటాండాడంట, సాక్షి సంతకానికి రమ్మన్యాడు," అంది. కింద ఆ వ్యాపారి భార్య కూడా ఉంది. ఆ రోజు కంపెనీ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

జమ్మలమడుగు ఆసామి ఒకడు డ్రైవరును తెచ్చాడు. కంప్యూటర్లో డ్రైవరు పేరు కొట్టి చూస్తే, అతను అప్పటికే రెండు కంపెనీల్లో డైరెక్టరని తేలింది. డ్రైవరు కిందికి దిగి వచ్చి ఓనరును నిలదీశాడు. "నేను రెండు కంపెనీలకు డైరెక్టరునంట గదన్నా! మల్ల పండక్కి ఐదువేలు అడిగితే కంపెనీ రూల్సు ఒప్పుకోవంటివే? ఆ రూల్సు రాసేవాణ్ణి నేనే గదా?" ఓనరు కారు తాళాలు చేతిలో పట్టుకుని, తానే తోలుకుంటూ ఇంటికి పోయాడట.

ఇవన్నీ విని షఫీ నవ్వాడు గాని ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకంటే అక్కకు చెప్పని సంగతి ఒకటి అతని దగ్గరా ఉంది.

షఫీ ఆపా అని పిలిచే అక్క ఖమ్రున్నీసా అతనికంటే పన్నెండేళ్ళు పెద్దది. తల్లి పోయాక షఫీని పెంచింది ఆమే. భర్త పోయి పదేళ్ళయింది. బ్లౌజులు కుట్టి బతుకుతుంది. ఆమెకంటూ ఉన్నది రెండు గదుల మిద్దె ఇల్లు ఒకటే. కంపెనీ అడ్రసుకు ఆ ఇంటి కరెంటు బిల్లు వాడుకుంటానంటే సరేనంది. బ్యాంకువాళ్ళు మాత్రం అడ్రసుతో ఆగలేదు. రెండు ఇటుకల మిషన్లకు అప్పు కావాలంటే డైరెక్టర్లిద్దరూ పూచీ పడాలన్నారు, ఆ మిద్దె పత్రాలు తాకట్టు పెట్టమన్నారు. ఆ మాట షఫీ ఇంట్లో చెప్పలేదు. సంతకాల్లో సంతకం కలిసిపోతుందిలే అనుకున్నాడు. ఇటుకలు అమ్ముడైతే అప్పు తీరిపోతుంది, అక్కకు తెలియాల్సిన పనే ఉండదు.

పదహారో తేదీన అక్కను తీసుకొచ్చాడు. దారిలో ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "ఆపా, ఆయప్ప ఏమడిగినా ఔననేసెయ్. ఐదు నిమిషాల పని."

ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని పద్నాలుగో మెట్టు దగ్గర కాసేపు ఆగి పైకెక్కింది. షఫీ కింద నిలబడ్డాడు. గోడలు దగ్గరగా ఉండడం వల్ల పైన మాట్లాడే ప్రతి మాటా మెట్ల మీదుగా కిందికి వినిపిస్తుంది.

"అది ఏం కంపెనీ తల్లీ?"

"ఔను."

"ఏందమ్మా ఔను?"

"ఔను సార్."

"ఔననమని ఎవురు చెప్పినారు?"

"ఔను, షఫీనే చెప్పినాడు."

పెంచలమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. షఫీ ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియక ఎదురుగా ఉన్న చీరను ఇంకోసారి మడత పెట్టాడు. పైన మూడో ప్రశ్న వచ్చింది. "రేపు కంపెనీ మునిగితే కాగితం ఎవురింటికి వస్తాది?" ఈసారి ఔను వినిపించలేదు. "మా ఇంటికా?" అన్న ఖమ్రున్నీసా గొంతు వినిపించింది.

నారాయణ ఆమెతోపాటే కిందికి వచ్చాడు. "దీనికి జవాబు మీ తమ్ముని దగ్గర ఉండాది తల్లీ. అది ఆయప్పనే నీకు చెప్పాల," అన్నాడు. షఫీ వైపు ఒక్క క్షణం చూసి పైకి పోయాడు. తను మొదటి రోజు ఇచ్చిన కవర్లో బ్యాంకు కాగితం నకలు కూడా ఉందని, నారాయణ దాన్ని చదివే ఉంటాడని షఫీకి అప్పుడు గుర్తొచ్చింది. అక్కకు ఆయనే చెప్పేసి ఉంటే పోయేది గదా, ఈ చూపు ఎందుకని కోపం వచ్చింది.

"మూడోదానికి జవాబేంది షఫీ?" అని ఇంటికి పోతూ అక్క అడిగింది.

"ఆ ముసలాయనకు పనిలేదు ఆపా. వదిలెయ్," అన్నాడు.

ఇరవయ్యో తేదీన షఫీ జమ్మలమడుగు పోయాడు. అక్కడి కన్సల్టెంటు ఏసీ గదిలో కూర్చోబెట్టి కూల్ డ్రింకు ఇచ్చాడు. రెండో మనిషి రావాల్సిన పనే లేదన్నాడు. ఆమె ఫోన్‌కు ఆరంకెల ఓటీపీ వస్తుంది, అది చెబితే చాలు. షఫీకి ప్రాణం లేచి వచ్చింది. అక్కకు ఫోన్ చేశాడు.

"ఆపా, నీ ఫోనుకు ఆరంకెలు వచ్చినాయా?"

"వచ్చినాయి."

"చెప్పు బిన్నా, టైమైపోతాది."

"చెప్తే నేనేమైతా?"

"ఏం కావు ఆపా, డైరెక్టరైతావు."

"ఏంటికి?"

"రెండో పేరు కావాల కాబట్టి!"

"మునిగితే కాగితం ఎవురింటికి వస్తాది?"

కన్సల్టెంటు గోడ గడియారం చూపించాడు. పది నిమిషాలైపోయాయి, అంకెలు చెల్లకుండా పోయాయి. మళ్ళీ పంపించాడు. మళ్ళీ అవే మూడు ప్రశ్నలు, అదే వరసలో. మూడోసారి పంపించాక ఖమ్రున్నీసా, "కుక్కరు కూత పెడతాండాది," అని ఫోన్ పెట్టేసింది. కన్సల్టెంటు కూల్ డ్రింకు గ్లాసు తీసేస్తూ, "ప్రొద్దుటూరు నారాయణ దగ్గరికి పోయొచ్చినారా?" అని నీరసంగా అడిగాడు. "అక్కడికి పోయొచ్చిన ఆడోళ్ళు ఎవురూ ఓటీపీ చెప్పరప్పా. మాకిది మూడో కేసు."

ఆ సాయంత్రం కువైట్ ఏజెంటు మళ్ళీ ఫోన్ చేశాడు. ఇరవై ఐదో తేదీలోపు పాస్‌పోర్టు ఇవ్వకపోతే వీసా వేరేవాళ్ళకు పోతుందన్నాడు. షఫీ రెండు రోజులు ఆగి, బీరువాలోంచి పాస్‌పోర్టు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. దాన్ని ఏజెంటుకు ఇచ్చేముందు ఆ ముసలాయన్ని నాలుగు మాటలన్నా అనకపోతే తన మనసు చల్లబడదనుకున్నాడు.

ఇరవై రెండో తేదీన పోయేసరికి పైన తాళం వేసి ఉంది. నారాయణ కడప పోయాడట. షఫీ కోపమంతా పెంచలమ్మ మీద కక్కాడు. ఒక మనిషి బతుకు కూలిపోతుంటే మూడు ప్రశ్నలు పట్టుకుని కూర్చున్నాడని, సంతకం పెట్టినంత మాత్రాన ఎవరి కొంప మునుగుతుందని గట్టిగా అరిచాడు. పెంచలమ్మ అంతా విని దుప్పటి కొస అందించింది.

"పట్టుకో. నేనూ డైరెక్టరునే నాయనా."

షఫీ కొస పట్టుకున్నాడు.

"పద్దెనిమిదేండ్ల కింద మాట. ఈ ఊర్లోనే ఒక పెద్దాయన ఇంట్లో వంట చేస్తాంటి. ఆయన రాళ్ళ కంపెనీ పెట్టినాడు. రెండో పేరు కావాలంటే నా పేరు పెట్టినాడు. ఆడిటరు దగ్గర పనిచేసే ఒకాయప్ప కాగితాలు తీసుకొని వంటింట్లోకి వచ్చినాడు. నేను బియ్యం కడుగుతాండా. ఏందప్పా ఇవి అంటి. ఏం లేదక్కా, ఊరికే సంతకం అన్న్యాడు. చెయ్యి తుడుచుకొని పెట్టినా."

"తర్వాత?"

"మూడేండ్లకు మునిగింది. పెద్దాయన యాడికి పోయినాడో తెలీదు. కాగితాలు మాత్రం నాకొచ్చినాయి. అంతా ఇంగ్లీషు. పొయ్యి రాజేసేకి పనికొచ్చినాయి. ఆ సంతకాల్లో బ్యాంకుది కూడా ఉండిందంట. రాజుపాలెం దగ్గర మా ఆయన నాకు వదిలిపెట్టింది ఎకరన్నర. అది వేలం వేసినారు. కంపెనీ పెట్టేకి పదైదు దినాలు పట్టిందంట నాయనా. అందులోనుంచి నా పేరు తీసేకి తొమ్మిదేండ్లు పట్టె."

"ఆ సంతకం పెట్టించిన మనిషి ఏమైనాడు?"

పెంచలమ్మ ఇస్త్రీ పెట్టెతో పైకి చూపించింది. తాళం వేసిన గది తలుపు కనిపిస్తోంది.

"ఆడిటరు దగ్గర పని మానేసి వచ్చినాడు. కోర్టు వాయిదా వాయిదాకు నాతోనే బస్సెక్కి వచ్చేవాడు. ఈ బండి ఈడ పెట్టిచ్చింది ఆయప్పనే. ఒకసారి తిట్టినా, బాగా తిట్టినా. ఈడనే, దుప్పట్లు మడతపెడతా తిట్టినా. అవతల కొస ఆయప్పనే పట్టుకోనుండె. దుప్పట్లు అయిపోయినాయి, తిట్టేదీ అయిపాయ," అని ఆమె మడత మీద చేత్తో రాసింది. "నాకు మోకాళ్ళ నొప్పులు, పైకెక్కలేను. అందుకని టీ ఆయప్పనే తెస్తాడు. ఆ మెట్లెక్కమని అందర్నీ ఏంటికి సతాయిస్తావయ్యా అంటే ఏమన్న్యాడో తెల్సునా? మెట్లెక్కినోళ్ళు ఏంటికి ఎక్కించినారని అడుగుతారక్కా, వంటింట్లో ఉండేవాళ్ళు అడగరు అన్న్యాడు."

షఫీ ఆమెతో కలిసి మిగిలిన నాలుగు దుప్పట్లూ మడతపెట్టి, ఇంటికి నడిచాడు. సిగ్గుతో అతని తల పైకి లేవలేదు.

ఖమ్రున్నీసా మిషన్ మీద ఉంది. షఫీ గడప దగ్గరే కూర్చుని మూడో ప్రశ్నకు జవాబు చెప్పాడు. మిద్దె పత్రాల సంగతి, బ్యాంకు సంగతి, సంతకాల్లో కలిపేద్దామనుకున్న సంగతి, ఏదీ దాచలేదు. మిషన్ ఆగిపోయింది.

"నాకెప్పుడు చెప్దామనుకున్నావు?"

"చెప్పకూడదనుకున్నా ఆపా."

ఆమె తమ్ముడి జేబులోంచి పైకి కనిపిస్తున్న పాస్‌పోర్టు వైపు చూసింది. లేచి వచ్చి, దాన్ని తీసి, బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ రాత్రి అన్నం పెట్టింది గాని మాట కలపలేదు. పొద్దున్నే బురఖా వేసుకుని, "పా, మెట్లెక్కాల," అంది.

ఈసారి షఫీ ఏమీ నేర్పలేదు. కింద పెంచలమ్మ పక్కన నిలబడి చెవులు రిక్కించాడు. అక్క గొంతు స్పష్టంగా వినిపించింది.

"బూడిద ఇటుకల కంపెనీ సార్. మా తమ్ముడు మళ్ళా కువైట్ పోకూడదని నా పేరు పెట్టుకుంటాండా. మునిగితే కాగితం మా ఇంటికే వస్తాది. రానీ. అడ్రసుకు నా ఇల్లు ఇస్తా, బ్యాంకుకు ఇయ్యను. రెండు మిషన్లు వద్దు, వాని దగ్గరుండే దుడ్లకు వచ్చే మిషను ఒకటి చాలు. ఇంగో మాట, నా పేరు ముందర రాయండి."

కాసేపటికి నారాయణ తల వరండాలోంచి బయటికి వచ్చింది.

"ఏమప్పా, రెండో మనిషీ! పైకి రా."

"నేనా? నేను మొదటి మనిషిని గదన్నా!"

"నిన్నటిదాకా. ఈ పొద్దు నువ్వే రెండోడివి. ఎక్కు."

షఫీ ఎక్కాడు. అక్కను కిందికి పంపించారు. నారాయణ నవ్వకుండా మూడు ప్రశ్నలూ వరసగా అడిగాడు. మొదటిది చెప్పాడు. రెండోది చెప్పాడు. మూడోదానికి, "అక్కింటికి వస్తాదన్నా. ఆమె చేతికి పోకముందు నేను చదవాల, చదివింది చెప్పాల," అన్నాడు. నారాయణ సొరుగులోంచి ఒక ఫైలు తీసి బల్ల మీద పెట్టాడు. ఫారాలన్నీ నింపి ఉన్నాయి. షఫీ మొదటి రోజు కవర్లో చీటీ మీద రాసిచ్చిన కంపెనీ పేరు పైన అచ్చయి ఉంది.

"ఇదెప్పుడు చేసినావన్నా?"

"నువ్వు మొదటిసారి వచ్చిన్నాడే పేరుకు దరఖాస్తు పెట్టినా. పేరు ఖాయమైనాక ఇరవై దినాలు చెల్లుతాది. నువ్వు జమ్మలమడుగు పోతావని తెల్సు, ఈడికి వస్తావనీ తెల్సు," అని నారాయణ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "నిన్న కడప పోయింది కూడా దీనికే. మేడంకు అంతా చెప్పి పెట్టినా. మీ అక్కది, నీది సంతకాలే తక్కువ."

ఫారం ముట్టుకోడని ఊరంతా చెప్పుకునే మనిషి దగ్గర తొమ్మిది రోజులుగా పని నడుస్తూనే ఉంది.

ఇరవై తొమ్మిదో తేదీన సర్టిఫికెట్టు వచ్చింది. పులివెందుల నరేష్ ఒక్క మిషన్ అని తెలిసి పెదవి విరిచాడు. రెండు లక్షలు కాదు, లక్షకే ఆర్డరు ఇస్తానన్నాడు. బ్యాంకు కాగితాన్ని షఫీ వెనక్కి ఇచ్చేశాడు. పనివాళ్ళు దొరకాలి, బూడిద లారీలు సమయానికి రావాలి, వానలు ముంచకూడదు. సంతోషించడానికి తీరిక లేనన్ని పనులు ముందున్నాయి. అయినా సర్టిఫికెట్టు తీసుకోవడానికి అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసే మెట్లెక్కారు.

నారాయణ ఆ కాగితాన్ని ఖమ్రున్నీసా చేతుల్లో పెట్టాడు. ముఖం ఎప్పటిలాగే ఉంది.

"నెత్తిన పడిందమ్మా. జాగ్రత్త."

ఎదురు అంగడి నుంచి టీలు వచ్చాయి. ఈసారి నాలుగు. నారాయణ ఒకటి ఖమ్రున్నీసాకు, ఒకటి షఫీకి ఇచ్చి, ఒకటి తన ముందు పెట్టుకుని, నాలుగోది పట్టుకుని లేచాడు. అది ఎవరికో షఫీ అడగలేదు. చొరవగా లేచి ఆ గ్లాసు అందుకున్నాడు.

"నువ్వు కూర్చో అన్నా, నేనిస్తా. పెట్టే ముందు కంపెనీ అంటే కొండంత అనుకుంటిని. ఊరికే భయపడినా..."

మాట అక్కడే ఆగిపోయింది. ఖమ్రున్నీసా చప్పున తల తిప్పి తమ్ముణ్ణి చూసింది. నారాయణ కళ్ళజోడు పైనుంచి చూశాడు. పద్దెనిమిదేళ్ళుగా ఎవరూ చూడని పని ఒకటి ఆ ముఖం చేసింది. పెదవుల చివర్లు కొద్దిగా పైకి లేచాయి.

"దిగు," అన్నాడు.

టీ గ్లాసు ఒలకకుండా పట్టుకుని షఫీ ఇరవై మూడు మెట్లూ దిగాడు. పెంచలమ్మ గ్లాసు అందుకుని బండి మీద పెట్టుకుంది. ఏం జరిగిందని అడగలేదు. పక్కనున్న మూటలోంచి ఒక దుప్పటి లాగి, దులిపి, రెండో కొస అతని చేతికిచ్చింది.